పండించిన చేతి పుస్తకం

మా వైపు పెళ్ళయిన ఆడమనిషి ఒంటరిగా గడప దాటాలంటే ఏదో ఒక కారణం చూపాలి. గుడి, ఆస్పత్రి, పుట్టింట్లో చావు. ఇవి కాక నాకు ఇంకో కారణం దొరికింది. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటు ఉద్యోగం. మా అత్తగారిల్లు ఉరవకొండలో, ఊరి చివర. పొద్దున్నే సంగటి కెలికి, అందరికీ వడ్డించి, బస్టాండుకు పరుగెత్తేదాన్ని. జీతం సంగతి వదిలేయండి, అది ఎవరికీ చెప్పుకునేంత లేదు. నాకు కావలసింది ఆ బస్సు. కిటికీ పక్క సీటు దొరికితే అనంతపురం చేరేదాకా నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఎర్రచేలు, గాలిమరలు, దారిలో ఎక్కే పాల క్యాన్లు. ఆ కాసేపూ నేను ఎవరి కోడల్నీ కాను. దాన్ని పోగొట్టుకోవాల్సి వస్తుందేమోనన్న భయం ఒక ఏడాది నన్ను పీక్కు తిన్నది.

ఆ ఏడాది మొదట్లో కాలేజీ యాజమాన్యం ల్యాబు వాళ్ళందరినీ పిలిచింది. ఇకమీదట ల్యాబులో ఉండేవాళ్ళకు ఆపరేటింగ్ సిస్టం మీద సర్టిఫికెట్ ఉండాలట. పెద్దదేం కాదు, మొదటి మెట్టు పరీక్షే. ఫీజు ఒక్కసారికి కాలేజీ కడుతుంది. పరీక్ష తప్పితే ఆ చదువు సంవత్సరంతో మా పని సరి. బీఎస్సీ కంప్యూటర్స్ చదివినదాన్నే గానీ, చదివి ఏళ్ళయింది, ఈ ఉద్యోగం దొరికేదాకా రోలూ రోకలీ తప్ప వేరే కీబోర్డు తాకలేదు. పరీక్ష ఇంగ్లీషులో. ఏ పుస్తకం చదవాలో చెప్పేవాళ్ళు లేరు.

గడియార స్తంభం దగ్గర ఒక పుస్తకాల అంగడికి వెళ్ళాను. అంగడాయన గల్లాపెట్టె వెనక నుంచి లేవకుండానే ఒక మూల చూపించాడు. దిండంత లావు పుస్తకం ఒకటుంది, దాన్ని మోసేవాళ్ళకే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. రంగురంగుల అట్టతో ఇంకొకటి, తెరిస్తే లోపలంతా బొమ్మలే. మూడోది సన్నగా ఉంది. వెనక మోడల్ పేపర్లున్నాయి, ముందు సిలబస్ ఉంది, ఆ సిలబస్ మా కాలేజీ వాళ్ళు ఇచ్చిన కాగితంతో సరిపోయింది. అదే కావాలనిపించింది. ‘రేపొచ్చి తీసుకుంటాను’ అని దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేశాను. మా ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు కూడా ఒకరి నిర్ణయంతో రాదు.

సాయంత్రం మామతో చెప్పాను. మామ అంటే నా భర్త నాయన. వేరుశనగ రైతు, మాటకు కట్టుబడే మనిషి, నన్ను ఉద్యోగానికి పోనిచ్చిందీ ఆయనే. మా అత్త వద్దంటే, ‘వానల్లేని ఏడు ఇంట్లో అందురూ కూర్చోని ఏం చేస్తారు’ అని నోరు మూయించాడు. ఆ మేలు నేను మరచిపోలేదు.

“అంగట్లో పుస్తకమా?” అన్నాడు మామ. “అంగడోడు ఎప్పుడన్నా ఆ పరీక్ష రాసినాడా?”

“లేదు మామా, వాళ్ళు అమ్ముతారు అంతే.”

“మరి? పండించినోని చేతిలో నుంచి తెచ్చుకోవల్ల పాపా. ఊరికే ఎవురెవురో అమ్మేది తెచ్చుకుంటే ఎట్ల?”

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తొలకరికి ముందు మామ ఒక పని చేస్తాడు, ఆయన నాయన కూడా చేసేవాడట. పోయిన ఏడు ఎవరి చేను బాగా కాసిందో కనుక్కుని, ఆ ఇంటికి వెళ్ళి దోసెడు కాయలు అడిగి తెస్తాడు. మిగతా విత్తనం ఎక్కడ తెచ్చినా ఆ దోసెడు అందులో కలిస్తేనే ఆయనకు ధైర్యం. దాన్ని ‘పండించిన చెయ్యి’ అంటాడు. ఒకరి చెయ్యి తీసుకున్న ఏడు ఇంకొకరిది తీసుకోకూడదు. మొలక రాకపోయినా ఇచ్చినవాళ్ళతో మొలవలేదని అనకూడదు. అంటే వాళ్ళ చెయ్యి చెడిపోతుందట. పంట వస్తే మొదటి బుట్ట ఆ ఇంటికి పోవాలి. బుట్టకు బదులు వాళ్ళు ఇంకేం అడిగినా కాదనకూడదు. ఇంత బరువైన శాస్త్రాన్ని ఒక పుస్తకం నెత్తిన పెడతాడని నేను అనుకోలేదు.

మామ చెల్లెలి కొడుకు ఒకాయన అనంతపురంలో ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేస్తాడు. నా భర్తకు బావ, వరసకు నాకు అన్న. మా బంధువుల్లో ఈ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఆయనొక్కడే. ఆదివారం మామ తెల్ల పంచె కట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, టువ్వాలలో మూట కట్టుకుని పుస్తకం తెచ్చాడు. దేవుని పటాల ముందు పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, నా చేతికిచ్చాడు.

“ఇంగ చదువుకో పాపా,” అన్నాడు.

నేను ఆయన కాళ్ళకు మొక్కాను. లోపల ఏముందో చూడకముందే మొక్కేశాను చూడండి, అంత బుద్ధిమంతురాల్ని.

మొదటి అధ్యాయంలోనే ఫ్లాపీ కనిపించింది. నేను కాలేజీలో చేరేనాటికే ఫ్లాపీలు బొమ్మల్లోకి వెళ్ళిపోయాయి. పేజీలు తిప్పాను. ఆ సిస్టం ఇప్పుడు ఎక్కడా వాడరు, దాన్ని తయారుచేసిన కంపెనీ వాళ్ళే వదిలేశారు. ఆ పేరుతో ఉన్న పరీక్షను కూడా ఎత్తేశారు. అన్న పాసయిన కాలానికి అది మంచి పుస్తకమే. అంచుల్లో ఎర్ర పెన్నుతో గీతలు, అక్కడక్కడా టీ మరకలు. పాపం, బాగా కష్టపడి చదివాడు. నా పరీక్షకు మాత్రం అది పనికిరాదు.

మరునాడు పొద్దున మామ చేనికి బయలుదేరుతుంటే మెల్లగా మాట ఎత్తాను.

“మామా, అది పాత సిస్టం పుస్తకం. పరీక్ష కొత్తదాని మీద పెడతారు.”

“పాతదైతే ఏమి? వాడు పాసయింది దాంతోనే గదా.”

“అప్పటి పరీక్ష వేరే మామా.”

“సర్టిఫికెట్ ఒకటే గదా?”

‘రెండేళ్ళ కిందటి శెనక్కాయ విత్తనం మొలవదని మీకు తెలీదా మామా’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే మొలవలేదన్నట్టే. మింగేశాను. వెనక నుంచి మా అత్త అంది, “ఆ మాట బయటికి పోనియ్యొద్దు మా. వాళ్ళు ఇచ్చింది బాగలేదంటే, ఇంగ మనింటికి ఎవురు చెయ్యి ఇస్తారు?”

నా భర్త బోర్లు వేసే లారీ మీద పనిచేస్తాడు, నెలల తరబడి ఏదో ఒక రాష్ట్రంలో ఉంటాడు. ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. వెనక మిషను హోరులో, “నాయన చెప్పినట్ల చెయ్యరాదా? ఇంట్లో గలాటా యాల?” అని పెట్టేశాడు. చివరికి అన్నకే ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను.

“బేసిక్స్ మారవు మా,” అన్నాడు. “మిద్దె మారినా పునాది మారుతాదా?”

“ఫ్లాపీ ఇప్పుడు యాడుండాదన్నా?”

“ఫ్లాపీ తెలిసినోనికే పెన్ డ్రైవ్ అర్థమయ్యేది.”

ఇలాంటి మనుషులతో వాదించలేం. వాళ్ళ దగ్గర ప్రతిదానికీ ఒక సామెత సిద్ధంగా ఉంటుంది, నిజం మాత్రం ఉండదు.

ఆ రోజు నుంచి నాకు రెండు చదువులు. సాయంత్రం ఇంట్లో పాత పుస్తకం. మామ చేని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చునేవాడు. “గట్టిగా చదువు పాపా, మనసులో చదివితే నిలబడదు,” అనేవాడు. నేను గట్టిగా ఇంగ్లీషు చదివేదాన్ని. ఆయనకు ఒక్క ముక్క రాదు. అయినా కథ వింటున్నట్టు ఊ కొట్టేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తే, ‘మా కోడలు పరీక్షకు చదువుతాండాది’ అని చెప్పుకునేవాడు. ఒకసారి “ఇన్‌స్టాల్ అంటే ఏమి?” అని అడిగాడు. “మిషన్లో నాటడం లాంటిది మామా,” అన్నాను. రెండు రోజులు ఆ మాటే అంటూ తిరిగాడు, చేలో డ్రిప్పు పైపులు పరుస్తూ “ఇన్‌స్టాల్ చేస్తాండాను” అన్నాడట. నవ్వొచ్చింది. ఆ సాయంత్రాలు నాకు ఇష్టమయ్యాయి కూడా, అదే తంటా. పనికిరాని పుస్తకాన్ని చించి పారేయాలన్నంత కోపం, వింటున్న మనిషి మీద అంత ప్రేమ. నా పుట్టింట్లో నేను చదువుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆదివారాలు అన్న వచ్చేవాడు. వచ్చి అందరి ముందూ ప్రశ్నలడిగేవాడు.

“సిస్టం సరిగ్గా పైకి లేయకపోతే సేఫ్ మోడ్‌లోకి ఎట్ల పోతావు?”

“ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్ ఎయిట్ నొక్కల్ల అన్నా.”

“శభాష్,” అనేవాడు. మామ మీసం కింద నవ్వుకునేవాడు. అది ఆ పుస్తకంలో రైటు. కొత్త సిస్టంలో ఆ కీ మీద గుద్దినా, దండం పెట్టినా ఏమీ కాదు.

ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయి ఇంకో దారి పట్టింది. అనంతపురం పిల్ల, చురుకు. ఫోన్లో ఏదో గ్రూపులో చేరి, పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ ఒక పెద్ద ఫైలు తెచ్చుకుంది. “యాల అక్కా ఆ చదువంతా? ఇవి బట్టీ కొడితే అయిపోతాది,” అని నాకూ పంపింది. ఆశ పుట్టిన మాట నిజం. ఎఫ్ ఎయిట్ ప్రశ్న వెతికాను. జవాబు ఇంకేదో కీ అని ఉంది. కంప్యూటర్ ఆఫ్ చేసి, ఆన్ చేసి, ఆ కీ నొక్కి చూశాను. కాలేదు. చివరికి కంపెనీ వాళ్ళే తమ వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టిన పాఠాలు తెరిచాను. సెట్టింగుల్లోకి పోయి, రికవరీ అన్న చోట నుంచి రీస్టార్ట్ చేయమని ఉంది. చేశాను. అయింది. నల్లటి తెర మీద నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని అక్షరాలు వచ్చినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఎవరు చెప్పారన్నది కాదు, మిషను ఒప్పుకుందా లేదా అన్నదే లెక్క అని ఆ రోజు తెలిసింది.

ల్యాబు ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళి, పాత సామానులో పడేయడానికి పక్కనపెట్టిన కంప్యూటర్ ఒకటి అడిగాను.

“తీస్కో మా,” అన్నాడాయన. “ఎట్లా సచ్చిందే గదా, నువ్వు ఇంగేం చంపుతావు?”

అదే నా అసలు పుస్తకమయింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు దాని ముందు కూర్చునేదాన్ని. సిస్టం ఎక్కించేదాన్ని, కావాలని పాడుచేసేదాన్ని, మళ్ళీ బాగుచేసేదాన్ని. యూజర్ ఖాతాలు తెరిచి, ఒకరి ఫైలు ఇంకొకరు చూడకుండా అనుమతులు పెట్టేదాన్ని. ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో నేను చెబితే మిషను వినేది. ఆ సరదా ఇంట్లో ఎక్కడా లేదు. అంగట్లో చూసిన సన్న పుస్తకం కూడా కొన్నాను. దాన్ని ల్యాబు బీరువాలో, వైర్ల చుట్టల వెనక దాచాను. దొంగసొమ్ము దాచినట్టు. ఇంటికి తీసుకెళ్తే ఇంకొకరి చెయ్యి తెచ్చినట్టు కదా! సంచిలో పెట్టుకున్నా మా అత్త చూస్తుంది. నా సంచిని రోజూ ఆమే ఖాళీ చేస్తుంది, టిఫిన్ డబ్బా కోసం.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ ఏడాది నేను అదే. ప్రతి ప్రశ్నకూ నా దగ్గర రెండు జవాబులు తయారయ్యాయి. ఇంటి జవాబు, ల్యాబు జవాబు. సాయంత్రం అరుగు మీద ఇంటి జవాబును గట్టిగా చదవడం, పొద్దున బస్సులో దాన్ని తలలోంచి తుడుచుకోవడం. బస్సు కిటికీ పక్కన నేను ఎవరి కోడల్నీ కానని చెప్పానే, ఆ కాసేపు కూడా పోయింది. ఫోన్లో పాఠాలు చూసుకుంటూ ఎర్రచేలు ఎప్పుడు దాటాయో తెలిసేది కాదు. ఒకరోజు ల్యాబులో ఒక విద్యార్థికి ఎఫ్ ఎయిట్ నొక్కమని చెప్పేశాను. పిల్లలు నవ్వారు. బాత్రూములోకి పోయి ముఖం కడుక్కుని, అద్దంలో నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్క మాట, ‘ఇది పనికిరాదు మామా’ అనే ఒక్క మాట అనలేక ఇన్ని తిప్పలా అని. అయినా అనలేదు.

పరీక్ష అనంతపురంలోనే ఒక సెంటర్లో. చెప్పులు, ఫోను, అన్నీ బయట పెట్టించారు, మెడలో తాళి ఒక్కటే వదిలారు. చిన్న గది, గాజు తలుపు, ఎదురుగా తెర. ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. సేఫ్ మోడ్ ప్రశ్న రానే వచ్చింది. ఎఫ్ ఎయిట్ అక్కడ మొదటి జవాబుగా ఉంది. నా వేలు తిన్నగా దాని మీదికే పోయింది. చెవిలో మామ ఊ కొట్టడం వినిపించింది, ఒట్టు. చెయ్యి వెనక్కి లాక్కుని, పాత కంప్యూటర్ ముందు కూర్చున్నట్టు ఊహించుకుని, సరైనది పెట్టాను. అంతా అయ్యాక తెర మీద పాస్ అని వచ్చింది. దాన్ని చూస్తూ కూర్చుండిపోతే, అక్కడ పనిచేసే పిల్ల వచ్చి “మేడమ్, అయిపోయింది, లేయండి” అని చెప్పాల్సి వచ్చింది. బట్టీ పట్టిన అమ్మాయి కూడా పాసయింది, అది వేరే సంగతి. లోకం అంత న్యాయంగా ఏం లేదు.

బస్టాండు నుంచి మామకు ఫోన్ చేశాను. “నేను చెప్పలేదా? ఆ చెయ్యి అట్లాంటిది!” అన్నాడు. ఇల్లు చేరేసరికి పూర్ణం పెట్టి కాల్చే ఓళిగల వాసన. అన్నకు కబురుపోయి, ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఆకులు వేశారు. మా అత్త నెయ్యి పోస్తోంది. ఆనందంగానే ఉంది. కాసేపు నేనూ ఆనందంగానే ఉన్నాను.

“పంట ఇంటికొచ్చింది,” అన్నాడు మామ. “చెయ్యి ఇచ్చినోనికి మొదటి బుట్ట ఇయ్యల్ల. అడుగప్పా, ఏం కావల్లో.”

“నాకేం వొద్దు మామా,” అన్నాడు అన్న. ఓళిగ తుంచుకుంటూ నిదానంగా చెప్పాడు. “ఈడ మన బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటర్ పెడతాండా. సర్టిఫికెట్ ఉండే మనిషి కూర్చుంటే బోర్డు కట్టొచ్చు. చెల్లెల్ని కూర్చోపెడదాం. ఇంటికి అడుగు దూరం. మధ్యాన్నం అన్నానికి వచ్చిపోవచ్చు.”

“అంతకన్నా ఏం కావల్ల?” మామ ముఖం వెలిగిపోయింది. “ఆ బస్సు తిరుగుడు తప్పుతాది పాపకు. ఎండల్లో పొయ్యి వచ్చి ఎంత చిక్కిపాయెనో చూడు.”

నేను ముద్దను ఆకులోనే పెట్టేశాను. ఇద్దరూ నా మేలు కోరే మాట్లాడుతున్నారు. తిట్టి ఉంటే తిరిగి ఒక మాట అనేదాన్ని. ఏ బస్సు కోసం ఏడాదంతా రెండు తలలతో బతికానో, ఆ బస్సును నా సర్టిఫికెట్‌తోనే ఆపేస్తున్నారు. కాలేజీలో మానేస్తున్నానని ఎప్పుడు చెప్పాలో కూడా మామ లెక్కవేస్తున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు మరి, పంట ఆ చేతిది, బుట్ట ఆ చేతికి పోవాలి. ఒప్పుకోనంటే ఇచ్చిన చేతిని కాదన్నట్టు. దాన్నుంచి బయటపడటానికి ఒక్కటే సందు ఉంది, అది ఎవరూ అనకూడని మాట.

“ఆ పుస్తకంతో నేను పాస్ కాలేదు మామా,” అన్నాను.

మా అత్త చేతిలో నెయ్యి గిన్నె అలాగే నిలిచిపోయింది. “ఏమంటాండావు మా?” అన్నాడు అన్న.

“అది పాత పరీక్షది అన్నా. దాంట్లో ఉండేది ఇప్పుడు రాస్తే తప్పు. నేను ల్యాబులో వేరే చదివినా. చెడిపోయిన మిషను ఒకటి అడుక్కోని, దానిమీద నేర్చుకుంటి.” మధ్యలో ఆగలేదు. ఆగితే ఇక ఎప్పటికీ అనలేనని తెలుసు. “నేను సెంటర్లో కూర్చోను. నేను కాలేజీకి పోతా.”

అన్న ఆకు మీద చెయ్యి కడిగేశాడు. “మంచిది మామా,” అని లేచి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుని పోయాడు. తప్పుచేసినవాడేం కాదు ఆయన. తనకు అన్నం పెట్టిన పుస్తకం నాకూ పెడుతుందనుకున్నాడు, అంతే. “ఎంత మాటంటివే,” అంది మా అత్త. ఆమె నన్ను ‘వే’ అనడం అదే మొదలు.

మామ ఆకు ఎత్తి, చెయ్యి కడుక్కుని, అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. తిడతాడనుకుని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తిడితే బాగుండు అనిపించింది. ఆయన వీధివైపు తిరిగే అడిగాడు.

“అయితే, దినామూ సాయంత్రం ఈడ కూర్చోని చదివిందంతా ఏమి?”

అబద్ధం చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు.

“మీకోసం చదివినా మామా.”

ఆయన టువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఇంగ్లీషు రాని మనిషి, ఒక్క సాయంత్రం తప్పకుండా కూర్చుని, నా పరీక్షకు తానూ ఒక చెయ్యి వేస్తున్నాననుకున్న మనిషి. ఆ ముఖం చూడలేక నేను నేల చూశాను.

“పొద్దున నీకు బస్సుండాది గదా,” అన్నాడు. “పొయ్యి పండుకో పాపా.”

నేను అడిగింది అదే. అదే నాకు దక్కింది. మరునాడు కిటికీ పక్క సీటులో కూర్చుని, ఉరవకొండ దాటకముందే, దిగి వెనక్కి, మామ కూర్చునే ఆ అరుగు దగ్గరికి పోవాలనిపించింది.